అమ్మ థైరాయిడ్ కోసం లైబ్రరీకి వెళ్లాను: పుస్తకాలకీ, ఈ-బుక్స్‌కీ కడప నుంచి నా రివ్యూ

స్టార్లు ముందే ఇచ్చేస్తాను. మా పేటలో ఉన్న గ్రంథాలయానికి అయిదుకి నాలుగు. ఫోన్‌లో ఉచితంగా చదివిన వైద్యం ఈ-బుక్స్‌కి అయిదుకి అయిదు. 99 రూపాయలు పెట్టి కొన్న ఇంకో ఈ-బుక్‌కి సున్నా. తొందరలో ఉన్నవాళ్లకి ఇది చాలు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడో, షుగరో, అల్సరో ఉండి, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఏవేవో వెతుక్కుని భయపడి నిద్రపట్టక దొర్లుతున్న వాళ్లు మాత్రం చివరిదాకా చదవండి, ఎందుకంటే పోయిన ఏడాది నేనూ అలాగే దొర్లాను.

అమ్మకి 58 ఏళ్లు. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, అన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. పోయిన ఏడాది మే నెలలో ఉన్నట్టుండి నీరసం మొదలైంది, దువ్వెన నిండా జుట్టు, గొంతు బొంగురు, మధ్యాహ్నం పూట కూర్చున్న చోటే కునికిపాట్లు. ఎండలకేమోలే అనుకున్నాం, కడప ఎండల్లో ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది? తీరా రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ నంబరు 11 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువ. డాక్టర్ గారు మాత్రని 50 నుంచి 75 మైక్రోగ్రాములకి పెంచారు. రెండు నెలల తర్వాత మళ్లీ చేయిస్తే 9.6. రోజూ మానకుండా వేసుకుంటున్నా ఎందుకు దిగట్లేదో ఎవరికీ అర్థం కాలేదు.

ఇంక చుట్టాల సలహాలు మొదలు. ధనియాల నీళ్లు 48 రోజులు తాగితే థైరాయిడ్ మాయమైపోతుందని ఒక మెసేజ్, క్యాబేజీ ముట్టుకోకూడదని ఇంకొకటి, చెనిక్కాయలు కూడా మానేయాలని మరొకటి. రాగి సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి లేకుండా అమ్మ ఎట్లా తింటుంది? అయినా మానేసింది. మా అత్త అయితే "జీవితాంతం ఆ మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయి వదినా, నిదానంగా మానేయ్" అనేసరికి అమ్మ నిజంగానే ఆలోచనలో పడింది. ఒకరోజు పొద్దున సీసా మూత తీసి, కాసేపు చేతిలోనే పట్టుకుని, మళ్లీ మూత పెట్టేయడం నేను చూశాను. ఆ రోజే నాకు బాగా భయం వేసింది.

డీఎస్సీకి చదివే రోజుల్లో నేను కూర్చున్న లైబ్రరీ అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల పాటు రోజూ వెళ్లాను గానీ ఆ బీరువాల్లో వైద్యం పుస్తకాలు ఉంటాయన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. మన ఊరి వాళ్లకి గ్రంథాలయం అంటే బ్రౌన్ దొర బంగళా చోట కట్టిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయమే గుర్తొస్తుంది, అది సాహిత్యానికి, పాత ప్రతులకి పెట్టింది పేరు. నేను చెప్పేది అది కాదు, పేపర్లు చదువుకునే పెద్దవాళ్లూ, గ్రూప్స్‌కి చదివే పిల్లలూ వచ్చే మామూలు పేట లైబ్రరీ. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు, శుక్రవారం సెలవు. నేను మొదటిసారి వెళ్లింది శుక్రవారమే, తాళం చూసి వెనక్కి వచ్చాను.

శనివారం మళ్లీ వెళ్లి కౌంటర్ దగ్గర మేడమ్‌ని అడిగాను.

"థైరాయిడ్ మీద ఏమైనా పుస్తకాలు ఉన్నాయా మేడమ్?"

"థైరాయిడ్ అని విడిగా బీరువా ఉండదమ్మా. 616 అని రాసిన పుస్తకాలు చూడు. మీ అమ్మకా, నీకా?"

"అమ్మకి."

"అయితే 613లో తిండి గురించిన పుస్తకాలు కూడా చూడు. తొందరేం లేదు, ఏడింటి వరకు ఉంటాను."

ఆ మేడమ్ చెప్పిన అంకెలే ఈ రివ్యూలో అన్నిటికన్నా పనికొచ్చేవి అనుకుంటున్నా, అందుకే రాస్తున్నా. పుస్తకం వెన్ను మీద చిన్న కాగితం అంటించి నంబరు రాసి ఉంటుంది చూశారా, చాలా లైబ్రరీల్లో అది డ్యూయీ పద్ధతి నంబరు. 610 దగ్గర మొదలయ్యేవన్నీ వైద్యం. 613 ఆరోగ్యం, ఆహారం. 615 మందులు. 616 జబ్బులు, అందులోనూ మళ్లీ భాగాలు: గుండెవి 616.1, ఊపిరితిత్తులవి 616.2, కడుపు, పేగులవి 616.3, షుగరూ థైరాయిడూ లాంటి గ్రంథులవి 616.4, కిడ్నీలవి 616.6, కీళ్లవి 616.7. ఆడవాళ్ల సమస్యలు, కాన్పులు, పసిపిల్లలు 618లో. ఈ అంకెలు తెలిస్తే ఈ పద్ధతి ఉన్న ఏ ఊరి లైబ్రరీలోనైనా ఎవరినీ అడక్కుండా, నా జబ్బు ఇదీ అని నలుగురిలో నోరు తెరిచి చెప్పక్కర్లేకుండా, నేరుగా ఆ అర దగ్గరికి వెళ్లిపోవచ్చు. కొన్ని జబ్బుల పేర్లు మన ఊళ్లలో గట్టిగా పలకడానికి కూడా జనం సిగ్గుపడతారు, వాళ్లకి ఇది ఎంత మేలో.

ఇప్పుడు ఒక స్టారు ఎందుకు తగ్గించానో చెప్తాను. 616 అరలో మొత్తం నలభై పుస్తకాల దాకా ఉంటే అందులో సగం ముప్ఫై ఏళ్ల కిందటివి. పాత నవల అయితే ఇంకా రుచిగా ఉంటుంది, పాత వైద్యం పుస్తకం అలా కాదు. అల్సర్ సంగతే తీసుకోండి. అక్కడ దొరికిన ఒక తెలుగు పుస్తకంలో, కడుపులో పుండు పడటానికి కారణం కారం ఎక్కువ తినడం, టెన్షన్ పడటం అని రాసి ఉంది. మా చిన్నాయనకి అల్సర్ ఉంది, ఈ మాటే నమ్మి పదేళ్లుగా కారం దోశ కూడా ముట్టుకోలేదు ఆయన. కానీ 1982లోనే ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ బ్యాక్టీరియాని తానే తాగి చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్లకి ముఖ్యమైన కారణాలు రెండు, ఒకటి ఆ బ్యాక్టీరియా, రెండోది నొప్పుల మాత్రలు. కారం వల్ల మంట ఎక్కువ కావచ్చు గానీ పుండు పడటానికి అది కారణం కాదు. మా చిన్నాయన నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు ఏళ్ల తరబడి మింగాడు, ఆ సంగతి ఏ డాక్టర్‌కీ చెప్పలేదు. కొత్త పుస్తకంలో చదివాక నేనే తీసుకెళ్లి చూపిస్తే డాక్టర్ మొదట అడిగింది ఆ మాత్రల గురించే.

అప్పటి నుంచి ఏ వైద్యం పుస్తకం చేతికొచ్చినా లోపలి విషయం కన్నా ముందు రెండో పేజీ చూస్తాను. ఎప్పుడు అచ్చయింది, ఎన్నో ముద్రణ, రాసినాయన ఎవరు, ఏం చదివాడు. ఇక్కడ ఒక మోసం ఉంది, పునర్ముద్రణ 2015 అని ఉంటే కొత్త పుస్తకం అనుకుంటాం, కానీ మొదటి ముద్రణ 1984 అయి, లోపల ఒక్క అక్షరం కూడా మార్చకుండా మళ్లీ అచ్చు వేసి ఉండొచ్చు. సవరించిన ముద్రణ అని రాసి ఉంటేనే లెక్క. మందుల పేర్లు, పరీక్షలు, మోతాదుల కోసమైతే పదేళ్లు దాటిన పుస్తకాన్ని నేను నమ్మను. కానీ ఒళ్లు ఎలా పనిచేస్తుంది, ఏ గ్రంథి ఎక్కడుంది, దాని పనేమిటి అనేదానికి పాత పుస్తకాలు కూడా పనికొస్తాయి. నిజానికి మొదటి మెట్టుకి అవే బాగున్నాయి, బొమ్మలు పెద్దవి, అక్షరాలు పెద్దవి, తెలుగు కూడా మంచి తెలుగు.

ఒక డాక్టర్ రాసిన చిన్న తెలుగు పుస్తకం, 80 పేజీలు కూడా ఉండదు, ఇంటికి తెచ్చుకున్నాను. టీఎస్‌హెచ్ అంటే ఏంటో నాకు అప్పుడు గానీ అర్థం కాలేదు. నాలుగేళ్లుగా రిపోర్టులు ఫైల్లో పెడుతున్నాను, టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ ఎక్కువైందని అనుకుంటున్నాను, ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం. అసలు సంగతి తలకిందులు. మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేస్తుంది, తలలో ఉండే పిట్యూటరీ అనే చిన్న గ్రంథి దాని మీద అజమాయిషీ చేస్తుంది. ఆ పిట్యూటరీ పంపే కబురే టీఎస్‌హెచ్. అమ్మకి ఇలా చెప్పాను: "మా, కూలోళ్లు మెల్లిగా చేస్తుంటే మేస్త్రి గొంతు పెంచుతాడు కదా, టీఎస్‌హెచ్ ఆ మేస్త్రి గొంతు. నంబరు పెరిగిందంటే గ్రంథి పని తక్కువ చేస్తోందని." అమ్మ వెంటనే అందుకుంది. "అయితే మాత్ర వేసుకుంటే మేస్త్రి అరవడం ఆపాల కదా, ఇంకా ఎందుకు అరుస్తాండాడు?" అంది. సరైన ప్రశ్న అదే. చిన్న పుస్తకంలో దానికి జవాబు లేదు.

అక్కడి నుంచి ఈ-బుక్స్‌కి వెళ్లాను. అమెరికాలో నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ అని ప్రభుత్వ గ్రంథాలయం ఉంది, దాని వాళ్లు ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్ అని ఒక అర పెట్టారు ఇంటర్నెట్‌లో. వేల పుస్తకాలు, పూర్తిగా చదువుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు, పేరు కూడా నమోదు చేసుకోనక్కర్లేదు. కడపలో మూడో అంతస్తు డాబా మీద చాప వేసుకుని పడుకుని డాక్టర్లు చదివే పుస్తకాన్ని నేనూ చదువుతున్నానంటే మొదటి రోజు నమ్మబుద్ధి కాలేదు. ఎండోటెక్స్ట్ అని హార్మోన్ల జబ్బుల మీద పెద్ద పుస్తకం మొత్తం అందులో ఉంది. స్టాట్‌పెర్ల్స్ అని ఒక్కో జబ్బుకీ, ఒక్కో మందుకీ ఒక్కో అధ్యాయం చొప్పున ఉన్న పుస్తకం ఉంది. ఇవి రెండూ డాక్టర్ల కోసం రాసినవి, భాష బరువు. మనలాంటి వాళ్ల కోసం అదే అరలో ఇన్ఫర్మ్‌డ్ హెల్త్ అని జర్మనీ సంస్థ ఒకటి రాసిన వ్యాసాలు ఉన్నాయి, అవి తేలికైన ఇంగ్లీషులో, ఏ వైద్యానికి ఎంత ఆధారం ఉందో నెమ్మదిగా చెప్తాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏంటంటే ప్రతి అధ్యాయం దగ్గరా చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ ఉంటుంది. లైబ్రరీ పుస్తకంలో రెండో పేజీ కోసం వెతికినట్టు ఇక్కడ ఆ తేదీ చూసుకుంటే చాలు.

ఇంకొకటి ఎమ్ఎస్‌డీ మాన్యువల్. 1899లో మెర్క్ మాన్యువల్ పేరుతో మొదలైన పుస్తకం, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. డాక్టర్లకి ఒకటి, మామూలు జనానికి ఒకటి, రెండు రకాలుగా ఉంటుంది. ముందు జనానికి రాసింది చదివి, అర్థమయ్యాక అదే విషయం డాక్టర్ల దాంట్లో చదివాను. ఇలా రెండుసార్లు చదివితే గట్టి మాటలు కూడా కొంత లొంగుతాయి. డిగ్రీ వరకు ఇంగ్లీషు చదివిన వాళ్లకి ఇబ్బంది లేదు, కాస్త ఓపిక కావాలంతే.

అసలు సంగతి దొరికింది రాత్రి పదిన్నరకి. లెవోథైరాక్సిన్ అనే మందు మీద అధ్యాయం, అమ్మ మాత్ర అదే. మందు ఒంటికి పట్టేది చిన్న పేగులో, అందుకే పరగడుపున, మంచినీళ్లతో, టిఫిన్‌కి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఆ తర్వాత వాక్యం చదివి లేచి కూర్చున్నాను: కాల్షియం మాత్రలు, ఐరన్ మాత్రలు ఈ మందుని పేగులోనే పట్టేసుకుని లోపలికి పోనివ్వవు, వాటికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

అమ్మ పొద్దున అయిదింటికి లేస్తుంది. కాఫీ పెట్టుకుంటుంది. మొదటి గుక్కతో థైరాయిడ్ మాత్ర. వెంటనే మోకాళ్ల డాక్టర్ ఇచ్చిన కాల్షియం మాత్ర. "రెండూ ఒకేసారి వేసుకుంటే మర్చిపోను కదా పాపా" అని తనే చాలాసార్లు చెప్పింది నాతో. నేను తలూపాను కూడా.

అప్పటికప్పుడు ఫైలు తీసి చీటీలన్నీ తేదీల వారీగా పరుపు మీద పేర్చాను. మోకాళ్ల డాక్టర్ కాల్షియం రాసింది ఫిబ్రవరిలో. టీఎస్‌హెచ్ ఎగిరింది మేలో. అంతకు ముందు మూడేళ్లు కాఫీతోనే వేసుకుంది, అయినా నంబరు దారిలోనే ఉంది, మోతాదు దానికి సర్దుకుని ఉంటుంది. కొత్తగా వచ్చి చేరింది కాల్షియమే. ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు, ఈసారి భయంతో కాదు.

అయినా నేను పొద్దున్నే మాత్రలు మార్చేయలేదు. ఇది దయచేసి గమనించండి. పుస్తకంలో చదివింది పట్టుకుని ఇంట్లోనే మందులు మార్చడం మొదలుపెడితే అది ధనియాల నీళ్ల కన్నా ప్రమాదం. ఈ మందు మోతాదు కాస్త ఎక్కువైనా పెద్దవాళ్లకి గుండె దడ, ఎముకలు బలహీనపడటం లాంటివి వస్తాయని అదే అధ్యాయంలో ఉంది. ఒక కాగితం మీద రెండే రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ప్రింటవుట్లు తీసుకెళ్లొద్దని మా అన్న ముందే చెప్పాడు, మంచి మాట చెప్పాడు, కాగితాల కట్ట చూస్తే ఏ డాక్టర్‌కైనా విసుగొస్తుంది, బయట ఇంకో ముప్ఫై మంది కూర్చుని ఉంటారు కదా.

డాక్టర్ గారు రిపోర్టు చూసి 100 రాయబోతున్నారు.

"సార్, ఒక్క మాట. అమ్మ థైరాయిడ్ మాత్ర కాఫీతో వేసుకుంటుంది, దాంతోపాటే కాల్షియం మాత్ర కూడా. రెండిటికీ ఎడం ఉండాలని ఒక పుస్తకంలో చదివాను, దానివల్ల ఏమైనా అవుతుందా సార్?"

ఆయన పెన్ను పక్కన పెట్టి అమ్మ వైపు చూశారు. "కాల్షియం ఎవరిచ్చారమ్మా? ఎన్నాళ్ల నుంచి?"

"మోకాళ్ల నొప్పులకి సార్. శివరాత్రి అప్పటి నుంచి."

"నాకు చెప్పాల కదమ్మా."

"అది వేరే డాక్టర్ ఇచ్చింది కదా సార్, మీకెందుకు చెప్పాలనుకున్నా."

అమ్మ అన్న ఆ మాట మన ఇళ్లన్నిటిలోనూ ఉన్న మాటే. మోకాళ్లకి ఒకరు, షుగర్‌కి ఒకరు, థైరాయిడ్‌కి ఒకరు, ఒకరిచ్చిన చీటీ ఇంకొకరికి చూపించం. డాక్టర్ గారు 100 రాయలేదు. అదే 75 ఉంచి, పొద్దున లేవగానే మంచినీళ్లతో వేసుకోమని, కాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాతకి మార్చుకోమని, ఎనిమిది వారాల తర్వాత పరీక్షకి రమ్మని చెప్పారు. ఎనిమిది వారాలు ఎందుకో కూడా నాకు అప్పటికే తెలుసు, ఈ మందు సగం తరగడానికే దాదాపు వారం పడుతుంది, అందుకే మార్పు నంబర్లలో కుదురుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. అంతకు ముందు అమ్మ నీరసంగా ఉందనిపించినప్పుడల్లా నేను పది రోజులకోసారి పరీక్షకి తీసుకెళ్లేదాన్ని, ఆ డబ్బులన్నీ వృథా. చెనిక్కాయల సంగతి అడిగితే సార్ నవ్వి "ఇంట్లో మామూలుగా తినేంత తినండి" అన్నారు. వండిన క్యాబేజీ కూడా అంతే.

ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ 3.4, ఉండాల్సిన లెక్కలోకి వచ్చేసింది.

ఇప్పుడు సున్నా స్టార్ల ఈ-బుక్ సంగతి. లైబ్రరీకి వెళ్లక ముందు, భయంలో ఉన్నప్పుడు కొన్నాను. పేరు చెప్పను. థైరాయిడ్‌ని మూలం నుంచి తీసేస్తామని అట్ట మీదే ఉంది. 46 పేజీలు, రాసినాయన పేరు ముందు డాక్టర్ అని ఉంది గానీ ఏం చదివాడో, ఎక్కడ పనిచేస్తాడో ఎక్కడా లేదు. అచ్చయిన ఏడాది లేదు. ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నాడో లేదు. మందులు మానేయమని పచ్చిగా రాయలేదు, మాత్రల బానిసత్వం లాంటి మాటలు వాడి మానేయాలనిపించేలా రాశాడు. చివరి పేజీలో ఒక పొడి, నెలకి 2,400 రూపాయలు, వాట్సాప్ నంబరు. పుస్తకం చివర్లో ఏదైనా అమ్ముతున్నారంటే అక్కడితో మూసేయండి. అమ్మకి దాన్ని చూపించనందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటున్నా. హైపోథైరాయిడ్, అంటే గ్రంథి పని తక్కువ చేసే జబ్బు, ఉన్నవాళ్లలో చాలామందికి ఆ హార్మోను ఇక ఎప్పటికీ బయటి నుంచి ఇవ్వాల్సిందే, ఒంట్లో తయారుకావాల్సిందే మాత్ర రూపంలో ఇస్తున్నారు, అది తెలిస్తే జీవితాంతం అన్న మాట అంత భయపెట్టదు. అమ్మని భయపెట్టడం ఆగిపోయింది కూడా ఆ సంగతి అర్థమయ్యాకే.

మంచి పుస్తకాలతో కూడా ఒక చిక్కుంది, అది చెప్పకపోతే తప్పు. పుస్తకంలో అన్నీ ఉంటాయి. మెడలో గడ్డల గురించిన అధ్యాయం, దాని వెనకే క్యాన్సర్ అధ్యాయం. అమ్మ గొంతు బొంగురు కాబట్టి నేను అది కూడా చదివాను, మూడు రోజులు అన్నం సహించలేదు. హైపోథైరాయిడ్‌లో కూడా గొంతు బొంగురుపోతుందని అంతకు ముందు అధ్యాయంలోనే ఉంది, దాన్ని గబగబా దాటేశాను. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే, డాక్టర్ చీటీ మీద రాసిన జబ్బు పేరు, వేసుకుంటున్న మందు పేరు, ఈ రెండిటి అధ్యాయాలే చదువుతాను. లక్షణాలు పట్టుకుని జబ్బు వెతకను. ఉన్న జబ్బు గురించి వెతికితే దారి దొరుకుతుంది, లేని జబ్బు కోసం వెతికితే దానికి అంతూ పొంతూ ఉండదు. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, ఊపిరాడకపోవడం లాంటి వాటికి అసలు పుస్తకం తెరవొద్దు, 108కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట, ఇంగ్లీషు కష్టమనిపించి ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని చదవాలనుకునేవాళ్లకి. వాక్యం మొత్తానికి అర్థం తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ మందులు, మోతాదుల దగ్గర దాన్ని నమ్మకండి. నేను చూసిన ఒక అనువాదంలో మందు అని ఉండాల్సిన చోటల్లా మాదక ద్రవ్యం అని వచ్చింది, అమ్మకి చూపిస్తే ఏమైపోయేదో. నంబర్లున్న వాక్యం ఎప్పుడూ ఇంగ్లీషులోనే చూసుకోవాలి, లేదా తెలిసిన పిల్లల చేత చదివించుకోవాలి.

మన దేశానిదే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు నడుపుతారు, 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. ఉచితమే, భాషని బట్టి వెతుక్కోవచ్చు. నర్సింగ్, ఫార్మసీ చదివే పిల్లలకి చాలా బాగుంటుంది, మా పక్కింటి అమ్మాయికి చెప్తే పరీక్షలకి దాన్లోనే చదివింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో కూడా పుస్తకాలు గంటసేపో, పద్నాలుగు రోజులో అరువు తీసుకోవచ్చు. పబ్లిషర్లు వేసిన కేసులో 2024లో అమెరికా పైకోర్టు తీర్పు కూడా ఆర్కైవ్ వాళ్లకి వ్యతిరేకంగా వచ్చింది, ఆ కేసు వల్ల సుమారు అయిదు లక్షల పుస్తకాలు అరువుకి దొరకకుండా పోయాయి. అక్కడ దొరికే పాత తెలుగు వైద్యం పుస్తకాలు మాత్రం మా జేజి కాలం నాటివి, చదువుతుంటే ముచ్చటేస్తుంది, వైద్యానికి వాడుకునేవి కావు.

నాకు నిజంగా బాధ కలిగించేది తెలుగు సంగతి. ఆ కాల్షియం వాక్యం ఒక్కటి, నాలుగు గంటల ఎడం ఉండాలన్న ముక్క, పెద్ద అక్షరాల తెలుగు పుస్తకంలో మా పేట లైబ్రరీలో ఉండుంటే అమ్మ తనే చదివేసుకునేది. డాబా మీద ఇంగ్లీషులో నేను చదివితే గానీ తెలియకపోవడం ఏంటి? డిగ్రీ చదివిన కూతురు లేని ఇళ్లు ఎన్ని లేవు కడపలో? డాక్టర్లు రాసిన మంచి తెలుగు పుస్తకాలు లేకపోలేదు, అవి ఈ అరల్లోకి రావట్లేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది, 1960 నాటి చట్టం అది. రసీదు తీసి చూడండి, విడిగా రాసి ఉంటుంది. అంటే ఆ అర మన డబ్బుతో పెట్టింది, ఏ పుస్తకం కావాలో అడిగే హక్కు మనకుంది. నేను కౌంటర్ దగ్గరున్న సూచనల పుస్తకంలో రాశాను, షుగర్, బీపీ, థైరాయిడ్, కిడ్నీ, ఈ నాలుగింటి మీద గత అయిదేళ్లలో వచ్చిన తెలుగు పుస్తకాలు తెప్పించమని. మేడమ్ చదివి, "ఇట్లా పదిమంది రాస్తే నేను పైకి పంపడానికి వీలవుతుందమ్మా" అంది. ఇప్పటికి నాతో కలిపి నలుగురు రాశారు, అందులో ఒకరు మా చిన్నాయన.

ఇంట్లో ఇప్పుడు ఇలా జరుగుతోంది. మాత్రల సీసా పొయ్యి పక్క గూట్లోంచి లోపలి గది బీరువాలోకి మారింది, ఎండాకాలం మన వంటిళ్లు ఎంత కాగుతాయో తెలుసు కదా, మాత్రలకి వేడి, తేమ తగలకూడదు. అమ్మ లేవగానే గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకుని, వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి లోపలికొచ్చేసరికి నలభై నిమిషాలు అయిపోతుంది. అప్పుడు కాఫీ. గడియారం చూడక్కర్లేదు, రోజూ చేసే పనులే చాలు.

మొన్న ఆ చిన్న తెలుగు పుస్తకం గడువు అయిపోయి తిరిగి ఇవ్వడానికి వెళ్తుంటే అమ్మ ఇంకోసారి తీసుకుని రెండు పేజీలు చదివి నా చేతికిచ్చింది. "మోకాళ్ల మీద కూడా ఇట్లాంటిది ఉంటే తీసుకురా పాపా, అక్షరాలు పెద్దవి ఉండేది చూడు" అంది. 616.7 దగ్గర వెతకాలి.